స్థలాభావం వలన

మా కంకిపర్రు మునిసిపాలిటీకి చైర్మనూ, "సత్యభేరి" వారపత్రికకు సంపాదకుడూ అయిన చామర్తి భగీరథరావు పంతులుగారికి గడ్డం ఉండేది, మీసం ఉండేది కాదు. తెల్లవాళ్ళ హయాం ఆఖరి రోజుల్లో మా వైపు పంతుళ్ళలో ఇలాంటి ఏర్పాటు ఇంకెవరికీ లేదు. కొత్తలో మసీదు ముల్లాగారు ఎదురుపడి ఆనందంగా సలాం చేసి, తర్వాత సంగతి తెలుసుకుని నొచ్చుకున్నారు కూడా.

అది అమెరికా గడ్డం. బందరులో ఒక దొర జడ్జీ పెన్షను పుచ్చుకుని వెళ్తూ సామాను వేలం వేయిస్తే, పంతులుగారు మడతకుర్చీ కోసం వెళ్ళి, ఆ పాటలో ఓడిపోయి, ఉత్తచేతులతో తిరిగి రావడం ఇష్టంలేక ఒక పుస్తకం పాడుకొచ్చారు. అది జెరెమయ్యా టటిల్ అనే ఆయన జీవిత చరిత్ర. టటిల్ వెనకటి శతాబ్దంలో అమెరికాలో ఏదో రాష్ట్రానికి శాసనసభ్యుడు, దాంతోపాటు ఒక పత్రికకు సంపాదకుడు. పుస్తకం మొదట్లో ఆయన బొమ్మ ఉంది. గడ్డం ఉంది, మీసం లేదు.

అక్కణ్ణించి మా పంతులుగారి జీవితం టటిల్ జీవితానికి నకలు. టటిల్ రోడ్లను తిడుతూ పత్రిక పెట్టాడు, ఈయన మురికికాలవలను తిడుతూ పెట్టారు. ఆ పత్రిక పేరు చెప్పుకుని టటిల్ సభలోకి వెళ్ళాడు, ఈయన మునిసిపాలిటీలోకి వెళ్ళారు. వెళ్ళాక కాలవలను తిట్టడం మానేశారు. టటిల్ రెండుసార్లు పార్టీ మారితే ఈయన నాలుగుసార్లు మారారు. శిష్యుడన్నాక గురువును మించాలి కదా! ఏ పని తలపెట్టినా "ఇప్పుడు టటిల్ అయితే ఏం చేసేవాడు?" అని కళ్ళు మూసుకునేవారు. కళ్ళు తెరిచేసరికి టటిల్ సరిగ్గా ఈయనకు కావలసిందే చేసి ఉండేవాడు.

నా పేరు కామేశం. ఆ పత్రికలో సహాయ సంపాదకుణ్ణి. ప్రూఫులు దిద్దడం, టటిల్ చరిత్రను వారం వారం రెండో పేజీకి తెనిగించడం, పంతులుగారి ఉపన్యాసాల్లో "చప్పట్లు" అన్న మాట ఎక్కడెక్కడ పెట్టాలో చూడడం నా పనులు.

టటిల్ రాష్ట్రంలో ఒక ఆచారం ఉండేదట. సభలో పాసైన చట్టం పత్రికలో అచ్చయితేనే చట్టం, కాకపోతే కాదు. జనానికి తెలియని చట్టం జనం మీద రుద్దకూడదని. మంచి ఆచారమే. నేను తెనిగించి ఇచ్చిన ఆ ప్రకరణం చదివి పంతులుగారు నిద్రపోలేదు. మర్నాడే కౌన్సిలులో లేచారు.

"సోదర సభ్యులారా! మన తీర్మానాలు బీరువాలో పుడుతున్నాయి, బీరువాలోనే కాలం చేస్తున్నాయి. వాటికి వెలుగు చూపించాలి. ఆ వెలుగు పేరు సత్యభేరి!"

కౌన్సిలర్లు బల్లలు చరిచారు. వారం వారం తమ పేరు అచ్చులో చూసుకోవచ్చని వాళ్ళ సంబరం. మునిసిపల్ మేనేజరు దక్షిణామూర్తిగారు తీర్మానం రాశారు. ఆయన ఇంట్లో ఉప్పు అడిగినా ఆఫీసు భాషలోనే అడుగుతారని ప్రతీతి. "సత్యభేరి యందు ప్రచురింపబడనిది లేనిదిగాను, ప్రచురింపబడినదెల్లను ఆ దినము మొదలు అమలునందున్నదిగాను సమస్త జనులచేత భావింపబడవలెను." విని అందరూ బాగుందన్నారు. ఆ "ఎల్లను" అన్న మాట ఎంత దూరం పోతుందో ఎవరూ ఆలోచించలేదు.

చైర్మను సొంత పత్రికకు మునిసిపాలిటీ పని ఏమిటని కలెక్టరాఫీసు నుంచి ఒక తాకీదు వచ్చింది. పంతులుగారు కళ్ళు మూసుకుని తెరిచి, పత్రికను మునిసిపాలిటీకి ధారపోశారు. ఎవరు చైర్మనైతే వారే సంపాదకులనీ, అత్యవసరమైతే ప్రత్యేక సంచిక కూడా వేయవచ్చనీ రాయించారు. ఈ జన్మకి చైర్మనంటే తానేనని ఆయన ధీమా. మొట్టమొదటి ప్రత్యేక సంచిక ఆయన పుట్టినరోజుకు వేశాం.

ఆ నిబంధనలో అసలు రుచి ఆయనకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. ఒకసారి సంతను ఆయన బావమరిది స్థలం నుంచి మార్చాలని కౌన్సిలు తీర్మానించింది. ఆయన వద్దన్నా నెగ్గింది. మొహం గంటు పెట్టుకుని ప్రెస్సుకు వచ్చారు.

"ఈ సంత తీర్మానం ఎక్కడ వెయ్యమంటారండీ? పేజీలు నిండిపోయాయి," అన్నాను నేను మామూలుగా.

"చోటు లేదా?"

"తమ సంపాదకీయం కాస్త తగ్గిస్తే..."

"చోటు లేదంటే లేదనవయ్యా కామేశం!" అన్నారు. ఆ మొహంలో అంత సంతోషం నేను ఆయన కూతురి పెళ్ళిలో కూడా చూడలేదు.

ఆనాటి నుంచి నా పనుల్లో ఇంకొకటి చేరింది. ప్రతి సంచిక చివరా "స్థలాభావం వలన మిగిలిన తీర్మానములు ప్రచురింపబడలేదు" అని వెయ్యడం. పంతులుగారు కౌన్సిలులో ఎవరితోనూ పోట్లాడడం మానేశారు. ఎవరేం ప్రతిపాదించినా చిరునవ్వుతో పాస్ చేయించేవారు. పాపం, అచ్చులో చోటుండేది కాదు. మొదటి పేజీ ఆయన సంపాదకీయం, రెండో పేజీ ఆయన ఉపన్యాసమూ టటిల్ చరిత్రా, మూడో పేజీ తలనూనె ప్రకటనలు, నాలుగో పేజీ యజ్ఞన్న సిద్ధాంతిగారి వారఫలాలు. ఇంక చోటెక్కడిది?

ఈ స్థలాభావం నేతవీధి వాళ్ళ కుళాయి మీద పడింది.

నేతవీధి వాళ్ళు కాలవ నీళ్ళ మీద బతికేవారు. వేసవిలో కాలవ కట్టేస్తే మూడు వీధులవతల సత్రం బావికి పోవాలి. అక్కడ వంతు, ఆ వంతు కోసం తిట్లు. తాగడానికే కాదు, మగ్గానికెక్కించే పడుగు నూలుకు గంజి పెట్టాలన్నా నీళ్ళే కావాలి. అంచేత ఆ వీధికి కుళాయి వెయ్యాలని కౌన్సిలు తీర్మానించింది, ఇంజనీరు పత్రిక చూసే అలవాటు లేనివాడు కాబట్టి వెంటనే వేసేశాడు. కాని కిందటి ఎన్నికల్లో నేతవీధి పంతులుగారికి ఓట్లెయ్యలేదు. తీర్మానానికి చోటు దొరకలేదు. కుళాయి ఉంది, తిప్పితే నీళ్ళున్నాయి, చట్టప్రకారం మాత్రం అక్కడేమీ లేదు.

"అమలులోనికి రాని కుళాయి నుండి జలము వచ్చుట గర్హణీయము," అని మేనేజరుగారు దానికి గోనెపట్టా చుట్టించి, బిళ్ళబంట్రోతు మస్తానును కాపలా పెట్టారు.

కుళాయికి ఎదురిల్లు మాణిక్యమ్మది. మగ్గం మీద ఆమె చెయ్యి ఎంత జోరో నోరూ అంతే. భర్త మెతకమనిషి. ఇంటికి కావలసిన నీళ్ళన్నీ ఆమె నడుం మీదే వచ్చేవి. ఒకరోజు సత్రం బావి దగ్గర తిట్లు తిని, ఖాళీ బిందెతో తిరిగొచ్చి మస్తాను ముందు నిలబడింది. నేను చందాల కోసం ఆ వీధికి వెళ్ళి ఉన్నాను.

"జరుగు మస్తానూ, ఒక్క బిందె పట్టుకుంటా."

"ఆర్డరు లేదక్కా. కుళాయి ఇంకా అచ్చు కాలేదంట."

"అచ్చు కాకపోతే?"

"లేనట్టే అంట."

మాణిక్యమ్మ బిందె కింద పెట్టి వాణ్ణి ఎగాదిగా చూసింది. "సరే. మరి నువ్వు అచ్చయ్యావా?"

మస్తాను నావైపు చూశాడు. నేను చందా పుస్తకం చూసుకున్నాను. నిజమే, వాణ్ణి కాపలా పెట్టిన ఉత్తర్వు ఎక్కడా అచ్చు కాలేదు.

"అచ్చు కానివాడివి నువ్వూ లేవు. లేనివాడు నాకు అడ్డమెట్టా వస్తాడు?" అని ఆమె గోనెపట్టా తీసి, బిందె నింపుకుని పోయింది. ఆ సాయంత్రం వీధి వీధంతా పట్టుకున్నారు. మస్తాను తాను లేడన్న సంగతి ఒప్పుకుని ఇంటికి పోయాడు.

శనివారం వచ్చిన సత్యభేరిలో మొదటి పేజీ మధ్యన, నల్లగీతల గడిలో, మస్తాను నియామకం అచ్చయింది. దానికి చోటెలా వచ్చిందని మీరడగవచ్చు. సంపాదకీయం తగ్గించారు. మస్తాను ఆ కాగితాన్ని అట్టకి అంటించి కుళాయికి కట్టుకున్నాడు. మాణిక్యమ్మ మళ్ళీ సత్రం బావికి నడవసాగింది.

అయితే ఆమె అన్న మాట ఊళ్ళో నిలబడిపోయింది. అచ్చు కానిది లేదంటే, అచ్చయినదంతా ఉన్నట్టే గదా అని జనం సత్యభేరిని మొదటిసారి చివరిదాకా చదివారు. చివర ఏముంది? వారఫలాలు.

మొట్టమొదట బెల్లంకొట్టు వీరాస్వామి ఆఫీసుకొచ్చాడు. "మాది తులారాశండి. ఈ వారం గృహలాభం అని వేశారు. ఆ ఇల్లు ఏదండీ?"

మేనేజరుగారు నవ్వబోయి ఆగిపోయారు. నిబంధన తీసి చదివారు. "ప్రచురింపబడినదెల్లను." అందులో వారఫలాలు మినహా అని లేదు. చైర్మనుగారి గదిలో తలుపులు వేసుకుని చర్చించారు. వారఫలం చెల్లదంటే అచ్చయినది చెల్లదన్నట్టే. అది చెల్లకపోతే మస్తానూ చెల్లడు. మస్తాను చెల్లకపోతే నేతవీధి నీళ్ళు తాగేస్తుంది. కాబట్టి వీరాస్వామికి ఇల్లివ్వాలని తేలింది.

"గృహమనగా నాలుగు గోడలు. పైకప్పు విషయమై గ్రహములు మౌనము వహించినవి," అని మేనేజరుగారు దొంగమేత పశువులను కట్టేసే ఊరి బందెలదొడ్డిని అతనికి రాసిచ్చారు. అందులో ఉన్న దున్నపోతు గృహప్రవేశానికి ఒప్పుకోలేదు.

ఆ తరువాతి వారాలు మా ఊరివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కర్కాటకం వారు ప్రయాణాలు మానుకోవాలని పడింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు బస్సుల దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ "ఏ రాశి?" అని అడిగి, కర్కాటకాలను సామానుతో సహా దింపేశాడు. అత్తారింటికి పోవడం ఇష్టంలేని కోడళ్ళందరూ ఆ పూట కర్కాటకమే.

మరుసటి వారం మిథునానికి కళత్ర కలహం పడింది. బిల్లు కలెక్టర్లు మిథునరాశి ఇళ్ళకు తనిఖీకి బయల్దేరారు. స్కూలు మాస్టరు విశ్వపతిగారూ, భార్యా కాపురానికి వచ్చిన నాటి నుంచి మాటా మాటా అనుకోలేదు. "తమ యింట కలహము లేకపోవుటకు కారణమేమి? సంజాయిషీ ఇచ్చుకొనవలెను," అని వాళ్ళకు నోటీసు వచ్చింది. తప్పు నీదంటే నీదని ఇద్దరూ వాకిట్లో వాదించుకోవడం మొదలుపెట్టారు. చీకటిపడేదాకా వాదించుకున్నారు. బిల్లు కలెక్టరు తృప్తిగా రాసుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళు మాత్రం వారం దాటినా ఆపలేదు.

"వారఫలాలు ఒకసారి మీరు చూస్తే బాగుంటుందేమో," అని నేను పంతులుగారితో అన్నాను.

"టటిల్ తన పత్రికలో వాతావరణాన్ని దిద్దాడటయ్యా? గ్రహాలు సంపాదకుడి పరిధిలోకి రావు," అన్నారాయన. అసలు సంగతేమిటంటే ఆయనది సింహరాశి. సింహానికి మాత్రం ప్రతి వారం "సర్వత్రా జయం, పెద్దల మన్నన" అని వెయ్యాలని సిద్ధాంతిగారితో ముందే ఒప్పందం. మిగతా పదకొండు రాశులు ఏమైపోతేనేం?

సర్వత్రా జయం అచ్చవుతుండగానే ఎన్నికలు వచ్చాయి, పంతులుగారు ఓడిపోయారు. కాస్తా కూస్తా కాదు, డిపాజిట్ దక్కించుకోవడానికే ఆపసోపాలు పడ్డారు. రైసుమిల్లు పోలిశెట్టి రత్తయ్యగారు గెలిచారు. గెలిస్తే మొట్టమొదట కుళాయి అచ్చు వేయిస్తానని ఆయన నేతవీధిలో ఒట్టు పెట్టుకున్నారు. మాణిక్యమ్మ ఆ వీధి ఓట్లన్నీ తనే దగ్గరుండి వేయించింది.

రత్తయ్యగారు మెడలో దండలతో ఆఫీసుకొచ్చేసరికి మేనేజరుగారు లేచి నమస్కారం చేశారు, కుర్చీ మాత్రం చూపించలేదు.

"తమరు గెలిచిన విషయము నాకు వ్యక్తిగతముగా ఎరుకే. ఆఫీసుపరముగా ఎరుక లేదు. సత్యభేరిలో రాలేదు."

"ఊరంతా చూసిందయ్యా!"

"ఊరు చూచుట ప్రచురణ క్రిందకు రాదు."

రత్తయ్యగారు వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. రోజూ కొత్త దండ వేసుకుని వచ్చి కూర్చునేవారు. విజిటరు హోదాలో ఆయనకు కాఫీ ఇచ్చేవారు.

సరిగ్గా ఆ వారమే నా తెనుగుసేత టటిల్ ఓడిపోయిన ప్రకరణానికి వచ్చింది. ఆయన కూడా ఒక ఎన్నికలో చిత్తుగా ఓడిపోయాడు. ఆ రాత్రే ప్రెస్సుకు వెళ్ళి, తన ఓటమిని మొదటి పేజీలో పెద్దక్షరాలతో తనే వేసుకుని, మర్నాడు తోటపని చేసుకున్నాడు. నాకు ఆ గడ్డం మనిషి మీద మొదటిసారి గౌరవం కలిగింది. ప్రకరణం తీసుకెళ్ళి పంతులుగారికి ఇచ్చాను. ఆయన గెలుపుల దాకానే పుస్తకం చదివినట్టున్నారు. మొదటి నాలుగు వాక్యాలు చూసి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"చోటు లేదు," అన్నారు.

కాని ఆయనకూ ఒక చిక్కు వచ్చిపడింది. ఆయన పదవీకాలం ఎప్పటితో ముగుస్తుందో ఎప్పుడో అచ్చయి ఉంది. ఆ గడువు వచ్చే శనివారం.

"రత్తయ్యగారు ఇంకను లేరు. శనివారము తరువాత తమరును ఉండరు. ఆఫీసు ఎవరి పేరున నడుపవలెనో సెలవియ్యండి," అన్నారు మేనేజరుగారు. ఆయన గొంతులో కొంచెం ఆశ కూడా వినిపించింది.

కొత్త కౌన్సిలు ఆ గడువు పొడిగించదు. కౌన్సిలుతో పని లేకుండా అచ్చయ్యేది పత్రికలో ఒక్కటే ఉంది. పంతులుగారు నన్ను వెంటబెట్టుకుని యజ్ఞన్న సిద్ధాంతిగారి ఇంటికి వెళ్ళారు. ఆయన అరుగు మీద నస్యం పీలుస్తూ ఉన్నారు.

"ఈ వారం సింహానికి పురపాలక అధ్యక్ష పదవీ ప్రాప్తి వెయ్యాలండీ."

"గ్రహాలు అట్లా చెప్పడం లేదే పంతులూ. సింహానికి ఈ వారం బాగాలేదు."

"గ్రహాలకు నేను చెప్పుకుంటాను. మీరు రాయండి."

"పోనీ మీ పేరు వేసి రాయనా? సింహరాశి మీ ఒక్కరి సొత్తు కాదు గదా."

పంతులుగారు నొచ్చుకున్నారు. "పేరు వేసుకుంటే నేనే వేసుకున్నట్టుంటుంది. అసహ్యం. గ్రహాలే నన్ను కూర్చోబెట్టినట్టు ఉండాలి. అయినా ఈ ఊళ్ళో నా అంత సింహం ఎవరున్నారండీ?"

సిద్ధాంతిగారు గట్టిగా తుమ్మారు. తుమ్మితే పని మానుకోవడం మా వైపు ఆచారం. టటిల్ తుమ్ములను పట్టించుకునేవాడు కాదని పంతులుగారు లేచారు.

శనివారం పొద్దున్నే పత్రిక బజారుకెక్కింది. సింహరాశి: పురపాలక అధ్యక్ష పదవీ ప్రాప్తి.

నేను ఆఫీసుకు వెళ్ళేసరికి మెట్ల మీద చైర్మన్లు కూర్చుని ఉన్నారు. లోపల చైర్మన్లు, వరండా నిండా చైర్మన్లు, గోడ మీద చైర్మన్లు. జాతకాలు ఉన్న సింహాలు జాతకాలు పట్టుకొచ్చారు. లేనివాళ్ళు సిద్ధాంతిగారిని అడిగితే, పేరు మొదటి అక్షరం చూసుకోమన్నారట. "మ" అయితే సింహమే. మా ఊళ్ళో మల్లయ్యలెందరు, ముత్యాలమ్మలెందరు, మునెయ్యలెందరు! అంతా వచ్చారు. కుళాయి దగ్గరి మస్తాను కూడా వచ్చాడు.

"నువ్వేంటిరా ఇక్కడ?" అన్నారు పంతులుగారు.

"నాదీ 'మ' యేనండి. చైర్మన్ అయ్యుండి కుళాయికి కాపలా కాస్తే మనందరికీ నామోషీ గదండీ," అన్నాడు వాడు వినయంగా.

"ఆడవాళ్ళు కూడానా?" అని ఎవరో గొడవ చేస్తే, సిద్ధాంతిగారు వచ్చి "రాశికి ఆడా మగా లేదు నాయనా," అని చెప్పిపోయారు. మేనేజరుగారు నిబంధనలన్నీ తిరగేసి, కుర్చీ ఎక్కి నిలబడి తీర్పు చెప్పారు. "పదవి ఏకము. పదవీధారులు అనేకులు. బ్రహ్మపదార్థము వంటిది." ఆ తర్వాత ఆయన కుర్చీ దిగలేకపోయారు, చుట్టూ కుర్చీ కోసం పోట్లాట మొదలైంది. చైర్మను కుర్చీ చెయ్యి ఒకటి ఊడి ఒక మల్లయ్య వశమైంది. రత్తయ్యగారు బెంచీ మీద అలాగే కూర్చుని, "నాది రేవతి నక్షత్రం, మీనరాశయ్యా, నా ఖర్మ," అన్నారు.

ఆ గోల భరించలేక నేను ప్రెస్సుకు వచ్చేశాను. కంపోజిటరు పేరయ్య ఒక్కడే ఉన్నాడు. కాసేపటికి గుమ్మంలో మాణిక్యమ్మ కనిపించింది. చంకలో ఖాళీ బిందె ఉంది.

"నాదీ సింహమే. సిద్ధాంతిగారిని అడిగే వచ్చా," అంది. "అక్కడ అందరూ కుర్చీ కోసం కొట్టుకు చస్తున్నారు. చైర్మనే ఈ పేపరుకు పెద్ద అంట గదా, నిజమేనా?"

"నిజమే," అన్నాను. నియమం అలాగే ఉంది.

"అయితే నా కుళాయి అచ్చెయ్యండి."

"మస్తాను అక్కడ లేడు కదమ్మా, పట్టుకోలేకపోయావా?" అన్నాడు పేరయ్య.

"పట్టుకోవచ్చు. గోనెపట్టా వదిలేసి చైర్మనీకి పోయాడు. కాని ఇయ్యాల దొంగచాటుగా పట్టుకుంటే రేపు మళ్ళీ సత్రం బావే. దొంగనీళ్ళు నాకొద్దు. మా వీధికి మా నీళ్ళే కావాలి."

నేను కాగితం, పెన్సిలు తీసుకున్నాను. ప్రత్యేక సంచికకు చైర్మను నోటిమాట చాలు. "ఏం వెయ్యమంటారు?" అన్నాను. "మీరు" అన్న మాట నా నోట దానంతటదే వచ్చింది.

"నేతవీధిలో కుళాయి ఉంది. అట్టా వెయ్యి."

"నేతవీధి యందు స్థాపింపబడిన జల..."

"ఉన్నదాన్ని ఉంది అనడానికి అంత తతంగం దేనికయ్యా?"

పేరయ్య అన్నిటికన్నా పెద్ద అక్షరాలు తీశాడు. అవి అంతవరకూ పంతులుగారి పేరుకు తప్ప వాడలేదు. ఒక్క వరుస కూర్చాడు. కూర్చి, తల గోక్కున్నాడు.

"మిగతా చోటు ఏం చెయ్యమంటారు? నాలుగు పేజీల కాగితం. రత్తయ్యగారి గెలుపు ఉంది, కామేశంగారి టటిల్ ఉన్నాడు, తలనూనె ఉంది..."

మాణిక్యమ్మ ఆ పెద్ద కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, మగ్గం మీద బట్టను చూసినట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"ఇంత ఉందా?" అంది. తర్వాత నావైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ మాకేం చెప్పారు?"

ఆ "స్థలాభావం" వాక్యం వారం వారం ప్రూఫు దిద్దినవాణ్ణి నేనే. సిగ్గుతో నా చెవులు మండాయి.

"చోటు లేదన్నారు గదా. ఏమీ వెయ్యొద్దు. ఎంత చోటుందో ఊరంతా ఒక్కసారి చూడనీ."

అలాగే వేశాం. మొదటి పేజీ నెత్తిన ఒక్క వరుస, దాని కింద తెలుపు, తిప్పితే తెలుపు, మళ్ళీ తిప్పితే తెలుపు. బజార్లో మొదట నవ్వారు. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళే కాగితం తిప్పి చూస్తూ నిలబడిపోయారు. అందరికీ ఏదో ఒకటి చోటు దొరకనిది ఉంది. ఒకరికి దీపస్తంభం, ఒకరికి మురికికాలవ, ఒకరికి బడి. నవ్వులు ఆగిపోయాయి.

నేతవీధిలో మాణిక్యమ్మ ఆ కాగితాన్ని మస్తాను కట్టుకున్న అట్ట మీదే అంటించి కుళాయి తిప్పింది. మస్తాను కుర్చీ పోట్లాటలో చొక్కా చింపుకుని అప్పుడే వచ్చాడు. "అక్కా, చైర్మనీ మహా దాహం," అన్నాడు. మొదటి చెంబు వాడికే ఇచ్చింది.

రత్తయ్యగారి గెలుపు మాణిక్యమ్మ మాట మీద మరుసటి శనివారం అచ్చయింది, వారఫలం వారానికే కాబట్టి చైర్మన్లందరూ దిగిపోయారు. ఆయన కుర్చీకి కొత్త చెయ్యి వేయించుకుని కూర్చున్నారు. మొదటి సమావేశంలోనే వారఫలాలను అమలు నుంచి మినహాయించారు. విశ్వపతి మాస్టరుగారి దంపతులు మాత్రం పోట్లాట మానలేదు, అలవాటైపోయింది. టటిల్ ఓడిపోయిన ప్రకరణం కూడా నేను రెండో పేజీలో వేశాను.

ఆ ప్రత్యేక సంచిక వచ్చిన సాయంత్రం భగీరథరావుగారు ప్రెస్సుకు వచ్చారు. అంగవస్త్రం జారిపోయి ఉంది, గడ్డం చెదిరి ఉంది. చేతిలో ఆ కాగితం ఉంది. అటు తిప్పారు, ఇటు తిప్పారు, వెలుతురుకు ఎత్తి చూశారు.

"కామేశం, ఇంత చోటు ఎక్కణ్ణించి వచ్చిందయ్యా?" అన్నారు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగారు.

"ఎక్కణ్ణించీ రాలేదండి. వారం వారం ఉన్నదే," అన్నాను.

ఆయన బల్ల మీద కూర్చుని ఆ తెల్లపేజీలను మళ్ళీ మొదటి నుంచి తిరగెయ్యడం మొదలుపెట్టారు, ఏ మూలనైనా తన పేరు ఉందేమోనని.